కుడి పెట్టె ఇంకా ఆరలేదు

అమ్మకానికి వచ్చిన ఏ పవర్ ఆంప్లిఫయర్ మూతైనా విప్పి తిరగేసి చూడండి. లోపలి వైపు పెన్సిల్‌తో ఏదో ఒకటి రాసి ఉంటుంది. బాగుచేసిన మెకానిక్ తన పేరు, ఊరు, ఏ భాగం మార్చాడో రాసి మూత బిగిస్తాడు. ఈ ఆనవాయితీ ఏ పుస్తకంలోనూ లేదు. టెక్కలిలో నాకు పని నేర్పిన గురువు చెప్పాడు.

"ఇంటాయన మనల్ని మర్సిపోతాడు. తరవాత విప్పినోడు మాత్రం మన రాత సదువుతాడు. ఆడికి అబద్దం సెప్పకు."

మంచి మాట. అదే గురువు, పదకొండేళ్ళు ఆయన దగ్గర పనిచేసిన నన్ను ఒకసారి నలుగురి ముందు చూపించి, "ఈడికి సేతులున్నాయి గానీ సెవుల్నేవు" అన్నాడు. ఆ మాటకి నవ్విన నలుగురూ ఎవరో ఇప్పటికీ చెప్పగలను. పేర్లు రాయొద్దని మా ఇంట్లో వాళ్ళు ఒట్టు వేయించుకున్నారు కాబట్టి రాయను. జరిగింది మాత్రం రాస్తాను.

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో, బస్సులు తిరిగే రోడ్డు మీద నలభై ఏళ్ళు దుకాణం నడిపాను. మొదట్లో రేడియోలు, తరవాత టేప్ రికార్డర్లు బాగుచేశాను. చివరి పదిహేనేళ్ళు ఇళ్ళల్లో పాటలు వినే పాత హైఫై సామాను బాగుచేసి అమ్మాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఒకరిద్దరు ఇప్పటికీ ఇంటికి వచ్చి అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఇది.

అమ్మేవాడి పని

పవర్ ఆంప్లిఫయర్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఫోను నుంచో టేపు నుంచో వచ్చే పాట చాలా బలహీనంగా ఉంటుంది. దానికి పెద్ద స్పీకరు పెట్టెల్ని కదిలించేంత బలం ఇచ్చే మిషను ఇది. అంతకుమించి దానికి ఇంకో పని లేదు. చాలావాటికి వాల్యూమ్ మీట కూడా ఉండదు. ముందు ఒక ఎర్ర దీపం, వెనక తీగలు పెట్టే చోట్లు, రెండు పక్కలా వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలు ఉంటాయి. ఎడమ పెట్టెకి ఒక సగం, కుడి పెట్టెకి ఒక సగం పనిచేస్తుంది.

పాతది కొని అమ్మేటప్పుడు పైమెరుగు చూసి మోసపోకండి. సముద్రం ఒడ్డున ఉన్న మా ఉద్దానం ఇళ్ళల్లో ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఇనుప సామాను అన్నింటికీ కొబ్బరినూనె రాస్తారు. ఆంప్లిఫయర్‌కి కూడా రాస్తారు. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతుంది. రెక్కల మధ్య మాత్రం నూనెకి దుమ్ము అంటుకుని గొంగళిలా పేరుకుంటుంది. ముందు అది కడగండి.

కొనేవాడు రాగానే గట్టిగా మోగించి చూపించకండి. గట్టిగా మోగడం ఏ మిషనుకైనా చేతనవును. సన్నగా మోగడం కష్టం. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంకొకటి ఉంది. కొనేవాళ్ళు రెక్కల మీద చెయ్యి పెట్టి చూస్తారు. వేడిగా ఉంటే భయపడి వెళ్ళిపోతారు. చల్లగా ఉంచే కిటుకు మా మెకానిక్‌లందరికీ తెలుసు. ఆ కిటుకు ఎంత పాపమో కింద చెబుతాను.

కరెంటు ఆఫీసుకి మా వీధి వోల్టేజీ గురించి నేను రాసిన ఫిర్యాదుల సంగతి కూడా రాద్దామనుకున్నాను. అవి పద్నాలుగు. జవాబు ఒక్కదానికీ లేదు. దాని గురించి ఇంకోచోట.

టెక్కలి పెద్దింటి మిషను

టెక్కలిలో ఒక పెద్దాయన ఉండేవారు. భూములు, ధాన్యం మిల్లు, రాజకీయాల్లో పలుకుబడి. ఆయనకి పాటంటే ప్రాణం. ఎక్కడి నుంచో తెప్పించిన పవర్ ఆంప్లిఫయర్ ఒకటి వాళ్ళ హాల్లో ఉందని ఈ ప్రాంతపు మెకానిక్‌లందరికీ తెలుసు. చూసినవాడు లేడు.

ఒకసారి దాని కుడి పక్క ఆగిపోయింది. మిల్లు గుమాస్తా వచ్చి రమ్మన్నాడు. నా సంచీ పట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బస్సెక్కి వెళ్ళాను. పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నారు.

"ఏ ఊరోయ్ నీది?"

"పలాసండి."

ఆయన నా వైపు కూడా చూడలేదు. గుమాస్తాతో అన్నారు: "పలాసోడికి దీని సంగతి ఏటి తెలుస్తాది? జీడిపప్పు మిషన్లు బాగుసేసుకోమను. వైజాగు నుంచి మనిషిని రప్పించు."

మజ్జిగ ఇచ్చి పంపేశారు. మజ్జిగ బాగుంది. అది కూడా గుర్తుంది.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. పెద్దాయన పోయారు. ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన కొడుకు ఆ ఆంప్లిఫయర్‌ని కారులో తెచ్చి నా బల్ల మీద పెట్టించాడు. అమ్మిపెట్టమన్నాడు.

"నాన్నగారున్నప్పుడు దీన్ని మీరే సూసేవారంట గదా?" అన్నాడు.

"లేదు బాబూ. నన్ను వరండాలోంచే పంపించేశారు."

"ఎప్పుటి మాటండీ అది!" అని నవ్వాడు.

అతనికి ఎప్పటి మాటో. నాకు నిన్నటిదే.

అతను వెళ్ళాక మూత విప్పాను. కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాను. కొబ్బరికాయంత ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో కదలకుండా ఉంది. తీగలన్నీ ఒక్కో రంగువి ఒక్కో కట్టగా, మైనం రాసిన దారంతో కట్టి ఉన్నాయి. ఎక్కడా ఒక్క తీగ కూడా ఇంకో దాని మీదుగా పోలేదు. ఎవరూ చూడని చోట ఇంత శ్రద్ధ పెట్టిన మనిషి ఎవరో, ఏ దేశంలో కూర్చుని కట్టాడో. నేను అన్నేళ్ళూ చేసిన పని ఇంత గొప్పదని అప్పుడే చూసినట్టయింది.

మూత తిరగేశాను. వైజాగు మెకానిక్ రాత ముత్యాల్లా ఉంది. పేరు, ఊరు, కింద రెండు వాక్యాలు: "రెండు పక్కలా ఏరి జతపరిచిన ట్రాన్సిస్టర్లు వేశాను. ఒక పక్కవి మాత్రమే మార్చవద్దు."

నాకు ఒళ్ళు మండింది. మార్చవద్దని నాకు చెప్పడానికి అతనెవరు? ఇరవై రెండేళ్ళుగా అతని పనిలో తప్పు పట్టాలని ఎదురుచూస్తున్నాను. పరీక్షించాను. తప్పు దొరకలేదు. అయినా పాటకి బలమిచ్చే ఆ ట్రాన్సిస్టర్లలో కుడి పక్క జత ఊడదీశాను. నా దగ్గరున్న వేరే జత వేశాను. తీసినవి అగ్గిపెట్టెలో వేసుకుని జేబులో పెట్టుకుని, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ "ఇదీ వైజాగోడి పని" అని చూపించాను. చూసినవాళ్ళకి ఏం అర్థమైందో తెలియదు, తలూపారు. తరవాత కుడి పక్క ఉన్న చిన్న స్క్రూ ఒకటి వెనక్కి తిప్పి, రెక్కలు చల్లగా ఉండేలా చేశాను.

మూత లోపల ఏమీ రాయకుండా బిగించేశాను. నలభై ఏళ్ళలో అలా బిగించింది అదొక్కటే.

దండాసి, దాలమ్మ

దండాసిది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. కొబ్బరితోట ఉంది. పెద్దింటి సామాను అమ్మేటప్పుడు రెండు స్పీకరు పెట్టెలు కొన్నాడు. అవి వాటంతట అవే పాడతాయనుకున్నాడు.

"పెట్టెలు కొన్నాను బావూ. పాట రానేదు. ఏడాదై ఆటి మీద బియ్యం డబ్బా పెట్టుకున్నాం."

"ఒట్టి పెట్టెలు పాడతాయేటోయ్? దానికి ఇది కావాల."

అతను ఆంప్లిఫయర్ చుట్టూ తిరిగి చూశాడు. "దీనికి తిప్పడానికి మీట ఏదీ?"

"మీట నీ ఫోన్లోనే ఉంది."

"మీట నేని మిషనేటి బావూ! ముక్కుతాడు నేని ఎద్దునాగ!"

వెనక నిలబడిన అతని భార్య దాలమ్మ నవ్వలేదు. ఆ మిషను ఆవిడ కోసమే. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ పైబడి పనిచేస్తోంది. రోజంతా బాయిలరు హోరులో ఉండే మనిషికి, ఇంట్లో కూర్చుని ఒక్క పాటైనా మొదటి నుంచి చివరిదాకా వినాలని కోరిక.

ఫ్యాక్టరీలో ఆవిడ పని ఏమిటో నాకు ఆ రోజు తెలియదు, తరవాత తెలిసింది. కళ్ళంలో జీడిపిక్కలు ఎండబోస్తారు. దాలమ్మ గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తుంది. ఎండిన పిక్క గలగలమంటుంది. తడి మిగిలితే శబ్దం మందంగా వస్తుంది. ఆవిడ "ఆరింది" అంటే గోతాలకి ఎత్తేవారు. "ఆరనేదు" అంటే మళ్ళీ ఎండలో తిరగేసేవారు. ఆ సీజనులోనే తడి చూసే మీటరు ఒకటి వచ్చింది. ఒక రాశి ఆరిందని మీటరు చెప్పింది, ఆరలేదని దాలమ్మ చెప్పింది. సూపర్‌వైజరు నవ్వి, ఆవిడ చెవులు పోయాయని, తొక్క తీసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

నేను ఆంప్లిఫయర్‌ని దుకాణంలో ఉన్న పెట్టెలకి కలిపి గట్టిగా మోగించాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. దండాసి ముఖం వెలిగిపోయింది.

"సన్నగా పెట్టండి బావూ" అంది దాలమ్మ.

తగ్గించాను. ఆవిడ ఎడమ స్పీకరు దగ్గర వంగి విన్నది. కుడి దాని దగ్గర వంగి విన్నది. మళ్ళీ ఎడమ దగ్గరికి వెళ్ళింది. బయట బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి, ఇంకోసారి విన్నది.

"ఎడం పెట్టె ఆరింది. కుడి పెట్టె ఇంకా ఆరనేదు."

నాకు నవ్వొచ్చింది. "ఆరడమేటమ్మా? ఇవేటి, పిక్కలా?"

"గట్టిగా పాడితే తెలీడం నేదు. ఆ పాడినావిడ గొంతు సన్నం సేసినప్పుడు కుడి పక్క గరుగ్గా ఉంది."

మళ్ళీ గట్టిగా మోగించి, మీటరు తీసి రెండు పక్కలా పెట్టి చూపించాను. ముల్లు రెండుసార్లూ ఒక్క గీత మీదే నిలబడింది. కుడి రెక్కల మీద ఆవిడ చెయ్యి పెట్టించాను. "సూడు, ఎంత సల్లగా ఉందో. అది నాను సేసిన పక్క." అక్కడితో ఊరుకోలేదు. "పిక్కలు ఆడించుకునే మనిసికి దీని సంగతి ఏటి తెలుస్తాది?" అన్నాను.

ఆ మాట ఎక్కడ విన్నానో అప్పుడు తట్టలేదు.

దండాసి కంగారుపడ్డాడు. "ఏటనుకోకండి బావూ. దాని సెవులు పోనాయి. ఫ్యాక్టరీలో కూడా మీటరు ఒకటి సెప్తే ఇది ఇంకోటి సెప్పింది."

దాలమ్మ నా మీటరు వైపు చూసింది. "అక్కడా మీటరే, ఇక్కడా మీటరే" అంది. "అయితే నా సెవులే పోయుంటాయి. కట్టించు, ఎల్దాం."

నాతో వాదించి ఉంటే బాగుండేది. నన్ను ఎవరైనా ఒక మాటంటే నలభై ఏళ్ళు మోస్తాను, తిరిగి అంటాను, కాగితం మీద పెడతాను. ఆవిడ అవేమీ చేయలేదు. నా మాట నమ్మేసింది. మిషను దండాసి ఆటోలో పెట్టించుకున్నాడు. ఆదివారం వచ్చి పెట్టెలకి కలిపి ఇస్తానని చెప్పాను.

కొబ్బరితోటలో

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. తోట మధ్యలో పెంకుటిల్లు. బియ్యం డబ్బా పెట్టె మీద నుంచి దిగి మూలకి చేరింది. గాలి పడిపోయి కొబ్బరి మట్టలు కూడా కదలడం లేదు. కాశీబుగ్గలో అన్నేళ్ళున్నాను గానీ, నా బల్ల దగ్గర అంత నిశ్శబ్దం ఒక్క నిమిషం కూడా దొరకలేదు.

తీగలు కలిపాను. దండాసి ఫోన్లో పాత పాట ఒకటి పెట్టాడు. దాలమ్మ చాప తెచ్చుకుంది. గది మధ్యలో వేయలేదు. ఎడమ పెట్టె పక్కన వేసి, కుడి పెట్టెకి వీపు పెట్టి కూర్చుంది. చెవులు పోయాయని ఒప్పుకున్న మనిషి ఆ చోటే ఎంచుకుంది.

పాటలో గాయని గొంతు కిందికి దిగింది. అప్పుడు వినిపించింది నాకు. కుడి పక్క నుంచి, గోనె మీద గోరు గీసినట్టు, సన్నటి గరుకు. గొంతు పెరగగానే మాయమైంది. తగ్గగానే మళ్ళీ వచ్చింది. లేచి రెక్కలు ముట్టుకున్నాను. ఎడమవి పసిపిల్ల ఒళ్ళులా గోరువెచ్చగా ఉన్నాయి. కుడివి చచ్చిన చేపలా ఉన్నాయి.

పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టరు గుండా కాస్త కరెంటు పారుతుండాలి. ఆ కాస్తతోనే అది మెలకువగా ఉంటుంది, ఆ కాస్తతోనే వెచ్చబడుతుంది. కొనేవాడి చేతికి చల్లగా తగలాలని మేము స్క్రూ తిప్పి ఆ కరెంటు తగ్గించేస్తాం. అప్పుడు సన్నటి శబ్దం వచ్చేసరికి అది నిద్రలోంచి లేచి తడబడుతుంది. ఆ తడబాటే గరుకు. ఎన్ని మిషన్లని అలా నిద్రపుచ్చి అమ్మానో!

"సెవుల్నేవు" అన్న గురువు గుర్తొచ్చాడు. వరండాలో కూర్చున్న పెద్దాయన గుర్తొచ్చాడు. "ఏటి తెలుస్తాది" అన్న ఆయన మాట, నా నోట్లోంచి వచ్చినప్పటి నా గొంతుతో వినిపించింది.

నేను లేచి వెళ్ళిపోవచ్చు. దండాసి అప్పటికే సంబరంగా ఉన్నాడు. దాలమ్మ ఆ చాప మీద, ఆ ఒక్క పెట్టె పక్కనే కూర్చుని, తన చెవులు పనికిరావని నమ్ముతూ బతుకుతుంది. తొక్క తీసే బల్ల దగ్గరే ఉండిపోతుంది. నిజం చెబితే నా స్క్రూ సంగతి, నా కుళ్ళు సంగతి, వైజాగు మనిషి పని బాగుందన్న సంగతి మూడూ చెప్పాలి. మూడోది ఒప్పుకోవడమే కష్టం.

పాట ఆపాను. "దాలమ్మా, నీ సెవులు పోనేదు. కుడి పెట్టె ఆరనేదు. ఆరనివ్వనిది నాను."

ఆవిడ తిరిగి చూసింది.

"మీటరు రెండూ ఒకటే అంది గదా బావూ?" అన్నాడు దండాసి.

"గట్టిగా మోగినప్పుడే దాన్ని అడిగినానోయ్. అడిగిన దానికే అది సెప్పింది."

జేబులోంచి అగ్గిపెట్టె తీశాను. పదిమందికి చూపించి ఎగతాళి చేసిన జత అందులోనే ఉంది. సంచీలో అతుకు వేసే కాయ, కరిగించే సీసం ఉన్నాయి. మూత విప్పి, నావి తీసేసి, వాటిని వాటి చోట పెట్టి అతికాను. ఎడమ పక్క కరెంటు మీటరుతో చూసి, ముల్లు నిలిచిన గీత ఒక కాగితం ముక్క మీద రాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. కుడి పక్క మీటరు పెట్టలేదు.

"ఇప్పుడు నాను స్క్రూ తిప్పుతాను. ఆరినప్పుడు సెప్పు."

దాలమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. "సూత్తుంటే సెవులు సరిగ్గా పనిసెయ్యవు బావూ" అంది.

దండాసి ఆ సన్నటి చరణాన్నే మళ్ళీ మళ్ళీ పెడుతున్నాడు. నేను స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతున్నాను.

"ఇంకా పచ్చే... ఇంకా పచ్చే... కొద్దిగా తడుంది..."

తిప్పాను.

"ఆగు. ఆరింది."

నేను మొండివాణ్ణి. చప్పుడు కాకుండా పిసరంత వెనక్కి తిప్పాను.

"ఎనక్కి తిప్పినావేటి?" అంది గోడ వైపు నుంచే.

మళ్ళీ ముందుకి తిప్పి, ఆవిడ ఆగమన్న చోట ఆపాను. పాట ఆపించి మీటరు పెట్టాను. ముల్లు లేచి ఒక గీత మీద నిలబడింది. జేబులో కాగితం తీసి విప్పాను. అదే గీత. కాగితం మీటరు పక్కన పెట్టి ఇంకోసారి చూశాను. ఎన్నో గొప్ప మిషన్లు విప్పాను. వాటిలో ఏదీ నన్ను అలా నిలబెట్టలేదు.

"మొత్తం పాట పెట్టు" అన్నాను దండాసితో.

పాట పెట్టెల్లోంచి రావడం మానేసింది. వేరేలా చెప్పడం నాకు చేతకాదు. రెండు పెట్టెలకీ సరిగ్గా మధ్య, గోడకి కాస్త ముందు, ఒక మనిషి నిలబడి ఊపిరి తీసుకుంది. తీసుకున్నాక పాడింది. అక్కడ నిలబడి ఉన్న దండాసి, తెలియకుండానే, ఆమెకి దారి ఇస్తున్నట్టు రెండడుగులు పక్కకి జరిగాడు.

"ఓలమ్మా! ఈవిడ ఇన్నాళ్ళూ ఎక్కడుందే?" అన్నాడు.

దాలమ్మ చాప లాక్కొచ్చి గది మధ్యలో వేసుకుంది. మొదటి నుంచి చివరిదాకా విన్నది. అయిపోయాక, ఎవరితో అన్నట్టూ కాకుండా అంది: "రేపు కళ్ళం కాడికెల్తాను. గోతాలకెత్తినా ఆ రాశి ఇంకా ఆరనేదు. పది పిక్కలు కొట్టి సూడమంతాను."

మూత

ఆ తరవాత వైజాగు మెకానిక్‌కి ఒక ఉత్తరం రాశాను. నేను రాసిన ఉత్తరాల్లో ఫిర్యాదు లేనిది అదొక్కటే. జవాబు రాలేదు. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు. సన్నగా మోగించి అమ్మండి. రెక్కలు వెచ్చగా ఉంటే వెచ్చగానే ఉండనివ్వండి, ఎందుకో కొనేవాడికి చెప్పండి. మీ బల్ల దగ్గరికి వచ్చి ఎవరైనా తప్పుందంటే, వాళ్ళు ఏ పని చేస్తారో అడక్కండి. ఏం వినిపించిందో అడగండి.

ఆ రోజు పాట అయ్యాక మూత తిరగేసి పెన్సిల్ తీశాను. వైజాగు మనిషి రాత కింద రాశాను. దాలమ్మ పక్కకి వచ్చి కూర్చుంది.

"ఏటి రాత్తన్నావు బావూ?"

వైజాగు మనిషి పేరూ ఊరూ, నా పేరూ ఊరూ చదివి, కింద రాసింది వినిపించాను. "కుడి పక్క జత అక్కర లేకుండా తీశాను. తప్పు నాది. తిరిగి పెట్టాను. పైన రాసింది నిజం. కరెంటు సరిచేసిన చెయ్యి నాది, చెవి దాలమ్మది."

"నా పేరెందుకందులో? మూత మూసేత్తే ఎవులు సూత్తారు?"

"తరవాత విప్పినోడు సూత్తాడు."

ఆవిడ లేచి చాప చుట్టడం మొదలుపెట్టింది. మూత పెట్టి ఒక్కొక్క స్క్రూ బిగించాను. నాలుగోది బిగిస్తుండగా, చాప చుడుతున్న మనిషి ఆగింది.

"మీరందరూ ఊరు రాసుకున్నారు గదా బావూ. మరి నా కళ్ళం పేరు రాసినావా?"

నాలుగు స్క్రూలూ మళ్ళీ విప్పాను.